చెంపదెబ్బ తిన్న రాజు

పెద్దవాణ్నయ్యాక నా మీద చెయ్యి చేసుకున్న మనిషి ఒక్కడే. సౌదీ జుబైల్లో మా ఫోర్‌మన్. నలభై దాటినవాణ్ని, ఫస్ట్ క్లాస్ పైప్ ఫిట్టర్ని, పట్టపగలు యార్డు గేటు దగ్గర పదిమంది చూస్తుండగా చెంప మీద కొట్టాడు. ఎందుకు కొట్టాడో నాకు తెలుసు. కొట్టకపోతే ఏమయ్యేదో కూడా తెలుసు. అయినా సరే, అతని నోటి నుంచి ఒక్క క్షమాపణ మాట వినాలని ఆ ఎండాకాలమంతా పంతం పట్టాను. నాకు కోపం తొందరగా రాదు, వస్తే తొందరగా పోదు. మా నాన్న దగ్గర నుంచి వచ్చిన ఆస్తి అదొక్కటే.

ఫోర్‌మన్‌ను అందరూ లెబనానీ అనేవారు. అతనికి అది నచ్చేది కాదు. పుట్టింది బేరూత్‌లో అయినా తాను అర్మేనియావాణ్నని, తాతలు వందేళ్ల కిందట టర్కీలో జరిగిన ఊచకోత తప్పించుకుని నడుచుకుంటూ అక్కడికి చేరారని చెప్పేవాడు. ఎప్పుడు చెప్పినా అదేదో మొన్న జరిగినట్టు చెప్పేవాడు. మాతో మాట్లాడేది హిందీలో. ఆ హిందీ మా హిందీ కన్నా అధ్వాన్నం. ఇక్కడ రాసేదంతా నా తెలుగులోకి తెచ్చుకున్నదే. పనిలో మాత్రం అతణ్ని వేలెత్తి చూపేవాడు లేడు. నా ట్రేడ్ టెస్ట్ చూసి, ఇతను నాకు కావాలని ఆఫీసుతో కొట్లాడి, నన్ను ఆ కంపెనీలోకి మార్చడానికి కాగితాలు పెట్టించింది కూడా అతనే.

ఆ కాగితాల సంగతి చెప్పాలి. అంతకుముందు నేను హఫర్ అల్ బాతిన్‌లో నాకు వీసా ఇచ్చిన కఫీల్ దగ్గర ఉండేవాణ్ని. ఆయన కాంట్రాక్టులు పోయాయి. అక్కడ ఉండటానికి ఇచ్చే అకామా కార్డు రెన్యువల్ చేయించలేదు, వేరే చోటికి పొమ్మని రిలీజూ ఇవ్వలేదు. అమ్మ పెట్టదు, అడుక్కు తిననివ్వదు. చివరికి జుబైల్ కంపెనీ మార్పిడికి అర్జీ పెట్టింది. అది తేలేవరకు నేను యార్డులో స్పానర్ ముట్టుకోకూడదు. కానీ అది ప్లాంటు ఆపి మరమ్మతులు చేసే షట్‌డౌన్ సీజను, ఫిట్టర్లు దొరకడం లేదు. ప్లాంటు లోపలికైతే గేట్‌పాస్ కావాలి గనక, బయట పైపులు జతచేసే యార్డులో ఫోర్‌మన్ నన్ను పెట్టుకున్నాడు. అలా కాగితం లేకుండా పనిచేసేవాణ్ని మావాళ్లు ఖల్లివల్లి అంటారు. పట్టుబడితే వేలిముద్రలు తీసుకుని విమానం ఎక్కిస్తారు, మళ్లీ ఆ దేశం గడప తొక్కనివ్వరు.

మా గ్యాంగులో ఒక పద్ధతి ఉంది. ఎవరి జాయింటు ఎక్స్‌రేలో ఫెయిలవుతుందో వాళ్లు మర్నాడు పొద్దున అందరికీ చాయ్ తేవాలి. తప్పు వెల్డింగ్‌లో ఉంటే వెల్డర్, పైపుల మధ్య సందు సరిగ్గా పెట్టకపోతే ఫిట్టర్. సీనియర్, జూనియర్ అని లేదు. మెయిన్ రోడ్డు మీద చాయ్ కొట్టు బూఫియాలో పెద్ద కెటిల్ నింపించుకుని, కప్పుల దొంతర చంకలో పెట్టుకుని నడిచి రావాలి. నా వంతు ఎప్పుడూ రాలేదని నేను కొంచెం ఎక్కువగానే చెప్పుకునేవాణ్ని. ఆ రోజు వచ్చింది. తప్పు నాది కాదని వెల్డర్‌తో వాదించి, ఓడిపోయి, కవరాల్ విప్పి పాత షర్టు తొడుక్కుని, తలకు రుమాలు చుట్టుకుని, మూతి ముడుచుకుని బూఫియాకు పోయాను.

తిరిగొచ్చేసరికి గేటు దగ్గర లేబర్ ఆఫీసు వాళ్లు ఇద్దరున్నారు. తనిఖీ. ఫోర్‌మన్ వాళ్లకేవో కాగితాలు చూపిస్తున్నాడు. వెనక్కి తిరిగితే పారిపోయినట్టు అవుతుంది, ముందుకు పోతే అకామా అడుగుతారు. కెటిల్ పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. సరిగ్గా అప్పుడే పైన క్రేన్‌లో కూర్చున్న బిహారీ ఆపరేటర్ నన్ను చూసి, పాపం ప్రేమగానే, "అరే, ఫిట్టర్ సాబ్ ఆగయా!" అని కేకేశాడు.

ఆఫీసర్లిద్దరూ నా వైపు తిరిగారు. ఫోర్‌మన్ గబగబా వచ్చి కొట్టాడు. చెవి గుయ్యిమంది. "నువ్వు ఫిట్టర్‌వా? చాయ్ మోసే ప్రతివాడూ ఇక్కడ ఫిట్టరేనా? లోపలికి రావద్దని నీకు ఎన్నిసార్లు చెప్పాలి?" అని అరబీలో ఒకసారి, హిందీలో ఒకసారి అరిచి, కెటిల్ తీసుకుని నన్ను రోడ్డు మీదికి నెట్టేశాడు. ఆఫీసర్లు నవ్వారు. ఒకాయన "హరాం, పాపం వదిలెయ్" అని నా తరఫున మాట్లాడాడు కూడా. నన్ను అకామా అడగాలని ఇద్దరిలో ఎవరికీ తోచలేదు.

అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చానందట వెనకటికి ఒకామె. నా పరిస్థితీ అదే. వాళ్లు వెళ్లిపోయాక గ్యాంగంతా నా వీపు తట్టి, గండం గడిచిందన్నారు. అవును, గడిచింది. ఫోర్‌మన్ మాత్రం నా దగ్గరికి వచ్చి, చాయ్ చల్లారిపోయిందని చెప్పి, తర్వాతి పైపు డ్రాయింగ్ చేతిలో పెట్టాడు. ఇంకొక్క మాట లేదు. అక్కడే నాకు మండింది. ఆ రోజు నుంచి పని మాట తప్ప అతనితో ఏమీ మాట్లాడలేదు.

అతను శుక్రవారాల్లో అప్పుడప్పుడు మా క్యాంపు రూముకు భోజనానికి వచ్చేవాడు. మా పచ్చిపులుసంటే అతనికి ప్రాణం, ఖుబ్బూస్ రొట్టె ముంచుకుని తినేవాడు. దెబ్బ కొట్టిన తర్వాత వచ్చిన మొదటి శుక్రవారం కూడా ఏమీ జరగనట్టే వచ్చి కూర్చున్నాడు. నేను ఉల్లిగడ్డలు కోసుకుంటూ అటు తిరిగి కూర్చున్నాను.

"మా రాజు ఒకడుండేవాడు," అని మొదలుపెట్టాడు. పేరు చెప్పాడు గానీ నాకు నోరు తిరగలేదు. ఏడెనిమిది వందల ఏళ్ల కిందటి మాట. సముద్రం పక్కన, కిలికియా అనే చోట చిన్న అర్మేనియా రాజ్యం. చుట్టూ గిట్టనివాళ్లే. తూర్పు నుంచి మంగోలులు దేశాలను ఊడ్చుకుంటూ వస్తున్నారు. కొట్లాడితే మిగలమని ఈ రాజుకు ముందే అర్థమైంది. తానే వాళ్ల చక్రవర్తి దగ్గరికి పోయి, మాట కలుపుకుని రావాలనుకున్నాడు. పోవాలంటే తనంటే పడని టర్కీ సుల్తాను నేల దాటాలి. అందుకని ఒక దూతను యజమానిలా గుర్రమెక్కించి, రాజు తాను గుర్రాల కాపరి వేషం వేసుకుని, సామాను మోసే గుర్రాన్ని పట్టుకుని వెనక నడిచాడు.

"ఒక ఊరి బజారులో, ఇదివరకు మా దేశంలో బతికి వెళ్లినవాడొకడు అతణ్ని చూశాడు. అదిగో రాజు, నా కళ్లు నన్ను మోసం చెయ్యవు అని అరిచాడు. ముందు పోతున్న దూత వెనక్కి తిరిగి రాజు చెంప పగలగొట్టాడు. ఏరా, నువ్వు కూడా రాజులా కనబడటం మొదలుపెట్టావా అని తిట్టాడు. జనం నవ్వి ఎవరి దారిన వాళ్లు పోయారు."

చెప్పడం ఆపి నా వైపు చూశాడు. నా వీపు తప్ప అతనికేం కనబడి ఉండదు.

"నెట్టొచ్చు గదా, తిట్టొచ్చు గదా. కొట్టుడెందుకు?" అన్నాను. ఎన్నో రోజుల తర్వాత అతనితో నేనన్న మొదటి మాట అది.

"తిడితే ఎవడు నమ్ముతాడు? ఫోర్‌మన్ ఫిట్టర్ని రోజూ తిడతాడు. కానీ ఫిట్టర్ని ఎవడైనా కొడతాడా? కొడితే సాయంత్రానికి గ్యాంగంతా పని ఆపేస్తుంది. ఆ సంగతి తనిఖీకి వచ్చేవాళ్లకూ తెలుసు. కొట్టాను గనక నువ్వు ఫిట్టర్‌వి కాదని వాళ్లు తేల్చేసుకున్నారు."

మాట కాదనడానికి లేదు. కాదనడానికి లేనందుకే ఇంకా కోపమొచ్చింది. "మరి ఇంటికొచ్చినంక రాజు ఆ కొట్టినోన్ని ఏంజేసిండు?" అని అడిగాను.

"చరిత్రలో రాయలేదు."

"ఆ కొట్టినోడు తప్పైంది అన్నడా?"

"అదీ రాయలేదు."

"అసలు ముచ్చటే రాయనిది ఏం చరిత్ర నీది?" అన్నాను. అతను గట్టిగా నవ్వి ఇంకో ఖుబ్బూస్ తీసుకున్నాడు.

తర్వాతి శుక్రవారాల్లో మిగతా కథ చెప్పాడు. నేను అడిగేవాణ్ని కాను, అతను ఆపేవాడు కాడు. ఆ రాజు పుట్టుకతో రాజు కాదు. అసలు వారసురాలు చిన్న పిల్ల. తండ్రి పోయాక రాజ్యం ఆమెకొచ్చింది. ఆమెకు మొదట పెళ్లి చేసిన మొగుడు తనకు నచ్చలేదని, ఆమె పేరు మీద రాజ్యం నడిపిస్తున్న పెద్దమనిషి అతణ్ని జైల్లో పడేశాడు, అతను అక్కడే చనిపోయాడు. విషం పెట్టారని అంటారట. తర్వాత ఆ పెద్దమనిషి తన సొంత కొడుకును తెచ్చి ఆమె పక్కన కూర్చోబెట్టాడు. ఆ కొడుకే మన రాజు. ఆమె పారిపోయి ఒక కోటలో తలదాచుకుంటే, కోటవాళ్లు కోటతో సహా ఆమెను అప్పగించేశారు. పెళ్లయ్యాక ఏళ్ల తరబడి మొగుణ్ని దగ్గరికి రానివ్వలేదు.

ఆమె పంతం నాకు బాగా నచ్చింది. అంత కథలో నాకు నచ్చిన మొదటి మనిషి ఆమె. "మంచిగ చేసింది," అన్నాను.

"కానీ తర్వాత కలిసిపోయారు. చాలామంది పిల్లలు పుట్టారు. ఆమె రోగుల కోసం ఆసుపత్రి కట్టించింది. నాణేల మీద ఇద్దరి బొమ్మలూ పక్కపక్కన ఉంటాయి," అని ఫోన్‌లో ఒక అరిగిపోయిన వెండి నాణెం ఫోటో చూపించాడు. ఇద్దరు మనుషులు ఎదురెదురుగా నిలబడి మధ్యలో ఒక శిలువ పట్టుకున్నారు. ఎవరు ఆడ, ఎవరు మగ అన్నది కూడా తెలియడం లేదు.

"కలిసిపోక ఏంజేస్తది, తప్పించుకునే తొవ్వ ఉన్నదా?" అన్నాను. దానికి అతను నవ్వలేదు. అతనికి ఆ రాజంటే చాలా ఇష్టం, మా ఊళ్లో కొందరికి సొంత పెదనాయన మీద ఉండేంత ఇష్టం. ఎవరేమన్నా ఓర్చుకోలేడు.

రాజు మంగోలు చక్రవర్తి దాకా చేరాడు. మంచి మర్యాద దొరికింది. తన ఊళ్ల జోలికి, చర్చీల జోలికి ఎవరూ రాకూడదని మాట తీసుకుని వెనక్కి వచ్చాడు. కొన్నేళ్లు దేశం నిమ్మళంగా ఉంది. తర్వాత ఈజిప్టు సుల్తానుకు బలం పెరిగింది. మంగోలులతో చెయ్యి కలిపినందుకు శిక్ష అంటూ దండెత్తి వచ్చాడు. రాజు సాయం కోసం మళ్లీ మంగోలుల దగ్గరికి పోయాడు. అతను ఊళ్లో లేని సమయంలో యుద్ధం జరిగింది. ఒక కొడుకు చచ్చిపోయాడు, ఇంకో కొడుకును ఖైదీగా ఈజిప్టుకు పట్టుకుపోయారు. రాజధానిని తగలబెట్టారు. తిరిగొచ్చిన రాజుకు పొగ కంపు తప్ప ఏమీ మిగల్లేదు.

"కొడుకును విడిపించుకోవడానికి కోటలు ఇచ్చేశాడు," అన్నాడు ఫోర్‌మన్. "అదీ చాల్లేదు. నా స్నేహితుడొకడు మంగోలుల చెరలో ఉన్నాడు, వాణ్ని తెచ్చిస్తే నీ కొడుకును ఇస్తానన్నాడు సుల్తాను. ముసలితనంలో రాజు అందర్నీ బతిమాలి ఆ మనిషిని వెతికి తెప్పించాడు. కొడుకు వచ్చాడు. కిరీటం కొడుకు తల మీద పెట్టి, రాజు మఠంలో చేరి సన్యాసి అయిపోయాడు. అంతే, ఎక్కువ కాలం బతకలేదు."

ఆ రోజు అతను పచ్చిపులుసు సగంలోనే వదిలేశాడు. నాకు జాలేసింది. జాలేసినా, ఆ దెబ్బ దెబ్బే. ఎనిమిది వందల ఏళ్ల కిందటి మనిషికి కళ్లనీళ్లు పెట్టుకుంటాడు, ఎదురుగా ఉల్లిగడ్డలు కోసేవాడికి ఒక్క మాట చెప్పడు. అతని పద్ధతి నాకు ఎంతకీ అర్థం కాలేదు. రాజు కథ చెప్పడమే అతని క్షమాపణ అని మా రూమ్మేట్ ఒకడు అన్నాడు. అలాంటి చుట్టు తిప్పుడు క్షమాపణ నాకక్కర్లేదన్నాను.

ఇంకా నా మార్పిడి కాగితాలు తేలకముందే హెచ్ఆర్ ఆఫీసు నుంచి పిలుపొచ్చింది. అక్కడి ఆఫీసర్ బెజవాడ వైపు మనిషి, దాదాపు నా ఈడువాడు. తలుపు దగ్గరికి వేసి, కూర్చోమని, తన ఫోన్ నా ముందు పెట్టాడు. ఆ రోజు గేటు బయట లోడు దించడానికి ఆగి ఉన్న ట్రక్కు డ్రైవరెవరో వీడియో తీశాడట. అది వాట్సాప్ గ్రూపులన్నీ తిరిగి తిరిగి మేనేజ్‌మెంట్ చేతికి చేరింది.

"ఇది పచ్చి హరాస్‌మెంట్ అండి. మేనేజ్‌మెంట్ చాలా సీరియస్‌గా ఉంది. ఇందులో ఉన్నది మీరేనని నాకు డౌటొచ్చింది. ఒక్కసారి కన్‌ఫర్మ్ చేయండి చాలు, ఆ ఫోర్‌మన్‌ని ఈ వారమే దేశం నుంచి ఫైనల్ ఎగ్జిట్‌లో పంపించేస్తాం," అన్నాడు.

"నేను యార్డుల ఎందుకున్ననని అడుగరా సార్?"

"ట్రేడ్ టెస్ట్‌కి వచ్చారని నేను రాస్తానండి. మీ ట్రాన్స్‌ఫర్ ఫైల్ నా టేబుల్ మీదే ఉంది. దానికేం ప్రాబ్లం రాదు, అది నా గ్యారంటీ. మన తెలుగువాణ్ని ఇలా కొడితే ఊరుకుంటామా చెప్పండి? వెళ్లేముందు ఆయనతో మీకు సారీ కూడా చెప్పిస్తాను. ఈ రూములోనే, మీ ఎదురుగా."

మంచి మనిషి. మనస్ఫూర్తిగానే అన్నాడు. నేను ఇన్నాళ్లు కోరుకున్నది పళ్లెంలో పెట్టి నా ముందుకు తోశాడు. నాకు సంతోషం వేసిందని దాచుకోకుండా చెబుతున్నాను. బేరూత్‌లో ఫోర్‌మన్‌కు తిరిగి పోయి చేసుకోవడానికి పని లేదు, అక్కడి తన వాళ్లందరూ ఇతను పంపేదాని మీదే బతుకుతున్నారని నాకు తెలుసు. తెలిసి కూడా కొంతసేపు సంతోషంగానే ఉంది.

వీడియో చూశాను. నన్ను నేను కొట్టించుకోవడం చూడటం అదే మొదటిసారి. రుమాలు చుట్టుకున్న నా తల పక్కకు ఊగింది. ఆఫీసర్లు నవ్వారు. ఇంకోసారి పెట్టమన్నాను. ఈసారి నన్ను కాకుండా అతణ్ని చూశాను. గబగబా నడిచి వచ్చి, ముందు ఎడమ చేత్తో కెటిల్ పిడి గట్టిగా పట్టుకున్నాడు. అది నా కాళ్ల మీద పడకుండా చూసుకుని, ఆ తర్వాతే కుడి చెయ్యి ఎత్తాడు. నిండు కెటిల్, మరుగుతున్న చాయ్. కెటిల్ నా చేతిలోంచి ఎప్పుడు పోయిందో అప్పుడు నాకు తెలియలేదు. కొట్టాక లాక్కున్నాడనే అనుకున్నాను.

ఫోన్ ఆయన వైపు జరిపాను. "గీ మనిషి నేను కాదు సార్."

"అదేంటండీ, ఫేస్ మీదే కదా?"

"ఎండల మాడినంక మా మొఖాలన్నీ ఒక్క తీరుగనే ఉంటయి. రుమాలు చుట్టుకుంటే మా ఇంటామె గూడ గుర్తువట్టది. గీన ఎవరో బూఫియా ఆయన."

ఆయన ఫోన్ మళ్లీ నా ముందుకు తోశాడు. భయపడుతున్నానని అనుకున్నట్టున్నాడు. "మీకు ఏమీ కాదని చెప్పాను కదండీ. ఆలోచించుకోండి. మళ్లీ తర్వాత వచ్చి నేనే అంటే ఎవరూ నమ్మరు."

"ఆ మనిషి నేనైతె గదా సార్."

"అంటే మీకేం కంప్లైంట్ లేదు?"

"దెబ్బ తిన్నది నేను కాదాయె. నాకేం ఫిర్యాదు ఉంటది?"

ఆయన నిట్టూర్చి ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. తిన్నవాడు దొరక్కపోతే కేసు లేదని, ఆ చాయ్ మనిషి ఎవరో గానీ పాపమని అన్నాడు. నాకూ ఆ మనిషి మీద జాలేసింది. లేచి నమస్కారం పెట్టి తలుపు తీశాను.

బయట వరండాలో ఫోర్‌మన్ నిలబడి ఉన్నాడు. నా తర్వాత అతణ్నీ పిలిచారట. హెల్మెట్ రెండు చేతుల్లో పట్టుకుని తిప్పుతున్నాడు. అప్పటికి ఎవరో వీడియో సంగతి చెప్పినట్టున్నారు.

"ఏం చెప్పావు?" అన్నాడు.

"వాడెవడో నాకు తెల్వదన్న."

కొంతసేపు అతనికి అర్థం కాలేదు. అర్థమయ్యాక హెల్మెట్ చంకలో పెట్టుకున్నాడు. దగ్గరికొచ్చి నా రెండు చేతులూ పట్టుకున్నాడు. "భాయ్, ఆ రోజు నేను నిన్ను... ముఝే మాఫ్..." అన్నాడు.

నా వెనక హెచ్ఆర్ ఆఫీసర్ తలుపు బార్లా తెరిచే ఉంది. లోపల కుర్చీ జరిపిన చప్పుడు వినిపించింది. ఆయన బయటికొస్తున్నాడు. ఎండాకాలమంతా ఏ మాట కోసం కాచుకున్నానో, అది సగం బయటికొచ్చిన నోటిని నా అరచేత్తో నేనే మూసేశాను.

"ఎవలనుకొని మాట్లాడుతున్నవ్?" అన్నాను, లోపలికి వినబడేటట్టు గట్టిగా.